అడ్రసుల చిట్టా

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి వ్యాపారం ఎందుకండీ అని మా ఆవిడ నన్నెప్పుడూ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆవిడ అడిగింది వేరే ప్రశ్న: "పాలవాడికి ఈ నెల ఏం చెప్పమంటారు?"

ఇది 2020 జూన్ నాటి మాట. ఆ మార్చి నెలాఖరున కరోనా మూలాన దేశమంతటా తలుపులు మూశారు గదా, కాలేజీలూ మూశారు. నేను పనిచేసేది ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఏప్రిల్లో సగం జీతం ఇచ్చారు. మే నెలలో జీతానికి బదులు ఒక కాగితం వచ్చింది, పరిస్థితులు చక్కబడగానే బకాయిలు చెల్లిస్తామని. ఆ కాగితంలో "ఆర్ధిక ఇబ్బందులు" అని వుంది. "ఆర్థిక" అని వుండాలి. ఆ కింద "విద్యార్ధులు". నమ్మండి, నమ్మకపొండి, జీతం రాలేదన్న దిగులు కంటె ముందు పొట్టలో చుక్క లేని ఆ రెండు అక్షరాలే నా కంట పడ్డాయి. ఎర్ర కలం తీసి దిద్ది, కాగితం బల్లమీద పడేశాను.

మా ఆవిడ అది చూసి, "ఇట్లా దిద్దినందుకు ఎవరన్నా నాలుగు డబ్బులిస్తే ఎంత బాగుండును!" అంది.

ఆవిడ ఎగతాళికే అన్నది. కాని మా యింట్లో పనికొచ్చిన ఆలోచనలన్నీ ఎగతాళిగానే పుట్టాయి. మా వూరు తెనాలి. పుస్తకాలు రాసినవాళ్లకూ, అచ్చువేసినవాళ్లకూ పేరు మోసిన వూరు. అక్కడ ప్రూఫులు దిద్దడం కొత్త విద్య ఏమీ కాదు. తెలిసిన ప్రచురణకర్త ఒకాయన విజయవాడ నుంచి రెండు పుస్తకాలు పంపాడు. ఆ తరవాత రిటైరయిన ఇంజనీరుగారి ఆత్మకథ వచ్చింది. ఇంట్లో కూర్చోబెట్టేసరికి ఆ ఏడాది అందరికీ ఆత్మకథలు గుర్తుకొచ్చాయి. పేజీకి ఇంత అని మాట్లాడుకుని దిద్దాను. పాలవాడి బాకీ తీరింది.

2021లో కాలేజీ తెరిచారు, జీతాలూ మొదలయ్యాయి. అయితే తెలుగు చదివే పిల్లలు ఏటికేడు తగ్గుతున్నారు. నా ఉద్యోగం చలికాలపు ఎండ లాంటిది. వున్నంతసేపూ హాయిగానే వుంటుంది. మా అమ్మాయి అప్పటికి ఇంటరు మొదటి సంవత్సరం. అంచేత దిద్దుబాటు పని మానకూడదని నిశ్చయించుకున్నాను. తీరా చూస్తే పనే రావడం మానేసింది. వస్తే ఒక్కసారి మూడు పుస్తకాలు వచ్చి మీద పడేవి, లేకపోతే రెండు నెలలు చీమ కూడా గుమ్మం తొక్కేది కాదు.

అప్పుడు మా మేనల్లుడు రంగంలోకి దిగాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. 2022 సంక్రాంతికి వచ్చి, అరిసెలు నములుతూ నా వ్యాపారం సంగతి విచారించాడు. నేను గర్వంగా నా సోషల్ మీడియా పేజీ చూపించాను. రోజూ ఒక తెలుగు మాట గురించి రాసేవాణ్ణి. మూడువేలమందికి కాస్త తక్కువగా చేరారు. రాసినప్పుడల్లా "అద్భుతం సార్" అని నలభైమంది మెచ్చుకునేవారు.

"ఈ నలభైమందిలో ఎంతమంది పని ఇచ్చారు మావయ్యా?"

"ఒక్కడూ ఇవ్వలేదురా."

"పోనీ ఇవాళ వీళ్లందరికీ ఒక కబురు పంపాలంటే పంపగలవా?"

ఆలోచిస్తే పంపలేను. ఎవరికి చూపించాలో, ఎవరికి దాచాలో ఆ పేజీ నడిపేవాడి ఇష్టం. వాడు చెప్పింది చివరికి నాకు బోధపడిన తీరు ఇది: నాది సంతలో కొట్టు. జనం బోలెడంతమంది పోతుంటారు, ఆగి చూస్తారు, బాగుందంటారు. పొద్దుగూకితే ఎవరి దారి వారిది. మా పాలవాడు ముప్ఫై ఇళ్లకే పోస్తాడు. కాని వాడి దగ్గర చిట్టా వుంది. ఏ యింట్లో ఎంత పోయాలో, ఎవరింటికి చుట్టాలొచ్చారో వాడికి తెలుసు. నాకూ అటువంటి చిట్టా కావాలన్నాడు మేనల్లుడు. ఈమెయిలు అడ్రసుల చిట్టా. నెలకు రెండుసార్లు అందరికీ ఒక మంచి ఉత్తరం రాయాలి. పని అవసరమైన రోజున వాళ్లకు నేనే గుర్తుకొస్తాను.

"అందరూ వాట్సాపులో వుంటే ఈమెయిలు ఎవడు చూస్తాడురా?" అన్నాను.

"నీకు ఆత్మకథ పంపిన ఇంజనీరుగారు దేంట్లో పంపాడు?"

ఈమెయిల్లోనే పంపాడు. ఆ మాటకొస్తే విజయవాడ ప్రచురణకర్తా అంతే. వాట్సాపులో తెల్లవారేసరికి వచ్చిపడే గులాబీలకూ దేవుళ్లకూ మధ్య నా ఉత్తరం ఏమూల వుంటుంది? సరే, ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న వారానికే ఒక ఆసామీ ఫోను చేశాడు. నాకు అడ్రసులు కావాలని వాడికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. లక్ష అడ్రసులట, మూడువేల రూపాయలట. డాక్టర్లు, లాయర్లు, అమెరికాలో వుండేవాళ్లు.

"వాళ్లకు తెలుసా, మీరు ఇట్లా అమ్ముతున్నారని?" అన్నాను.

"వాళ్లకెందుకు తెలియాలి సార్?" అన్నాడు, చాలా మర్యాదగా.

నేను కొనలేదు. నీతిమంతుణ్ణి గనక కొనలేదని రాసుకుంటే బాగానే వుంటుంది గాని, అసలు సంగతి ఆ నెల నా దగ్గర మూడువేలు లేవు. అమ్మకానికి వచ్చే అటువంటి చిట్టాల్లో సగం చచ్చిన అడ్రసులేననీ, దొంగల్ని పట్టడానికి కావాలని పెట్టిన ఉత్తుత్తి అడ్రసులు కూడా వుంటాయనీ, వాటికి రాసినవాడి ఉత్తరాలు ఆపైన ఎవరికీ సరిగా చేరవనీ తరవాత మేనల్లుడు చెప్పాడు. అమ్మయ్య అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మురిసిపోయి, సరిగ్గా అదే పని ఉచితంగా చేశాను.

2019లో మా కాలేజీలో పూర్వవిద్యార్థుల సమావేశం జరిగింది. భోజనాల పందిరి దగ్గర బల్లమీద పొడుగాటి రిజిస్టరు ఒకటి పెట్టాం. పేరు, చదివిన సంవత్సరం, ఉద్యోగం, ఈమెయిలు. పైన నా చేతిరాతతోనే "ఫోటోలు పంపుటకు" అని వుంది. ఆ ఫోటోలు ఎవరికీ పంపలేదు. ఫోటోగ్రాఫరుకూ కాలేజీకీ డబ్బు దగ్గర పేచీ వచ్చింది. రిజిస్టరు మాత్రం స్టాఫు రూములో నా బీరువాలోనే వుండిపోయింది. అందులో 412 అడ్రసులు. వీళ్లంతా నా శిష్యులే గదా, పరాయివాళ్లా అనుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించాను. ఎక్కిస్తూ తప్పులు కూడా దిద్దాను. "జీమెయిల్" అన్న మాటలో అక్షరాలు ఎన్ని విధాల తారుమారు కావచ్చో అప్పుడే తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఉత్తరం రాశాను. "ప్రియ శిష్యులారా" అని మొదలుపెట్టి, దిద్దుబాటు పని గురించి చెప్పి, మీకుగాని మీ బంధువులకుగాని అవసరమైతే తెలియజేయవలసిందని ముగించాను. 412 అడ్రసులూ పైన "టు" అనే గడిలో వరసగా పేర్చాను. బి.సి.సి. అని ఇంకో గడి వుంది. అందులో వేసిన అడ్రసులు ఒకరివి ఒకరికి కనపడవు. అది ఏమిటో తెలియక వదిలేశాను. మీట నొక్కి భోజనానికి లేచాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పద్నాలుగు ఉత్తరాలు.

మొదటివాడు "సార్, ఎలా వున్నారు?" అన్నాడు, అందరికీ. రెండోవాడు "ఒరేయ్, నువ్వు బతికే వున్నావా?" అని మొదటివాణ్ణి అడిగాడు, అందరి ఎదుటా. ఒకతను గుంటూరు దగ్గర స్థలాలు అమ్ముతున్నానని పటం జతచేశాడు. ఇంకొకతను "దయచేసి అందరికీ పంపకండి" అని అందరికీ పంపాడు. అది చదివి ఏడుగురు "అవును, పంపకండి" అని మళ్లీ అందరికీ పంపారు. అర్ధరాత్రి దాకా ఇదే తంతు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు స్టాఫు రూములో కథగా చెప్పి అందరినీ నవ్వించాను.

మూడోనాడు ఒక ఉత్తరం వచ్చింది. ఇది అందరికీ కాదు, నాకు ఒక్కడికే. రాసిన అమ్మాయి పేరు చెప్పను. ఆవిడ రాసిన సంగతి ఇది: కాలేజీ రోజుల్లో తనను వేధించినవాడు ఒకడున్నాడు. వాడి మూలాన రెండుసార్లు ఫోను నంబరు మార్చింది. ఆ సమావేశానికి వాడు రావడం లేదని కనుక్కునే వచ్చింది. ఆవిడ వెళ్లిపోయాక వాడు వచ్చాడు. అదే రిజిస్టరులో సంతకం చేశాడు. ఇద్దరి అడ్రసులూ నా ఉత్తరం పైన అయిదారు వరసల దూరంలో వున్నాయి. నిన్న వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ అడ్రసు ఇవాళ్టితో మూసేస్తున్నాను. మీరు వాడికి ఏమీ రాయకండి, రాస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఫోటోలు పంపుతారని రాశాను సార్. మీరు కావాలని చేశారని అనుకోవడం లేదు. చెప్పకపోతే మీకు తెలియదు గనక చెబుతున్నాను.

ఉత్తరం ఒకటికి నాలుగుసార్లు చదివాను. అందులో ఒక్క అక్షరదోషం లేదు.

ఆ అమ్మాయి నాకు బాగా గుర్తుంది. డిగ్రీ రెండో సంవత్సరంలో వుండగా ఒకరోజు స్టాఫు రూము గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఒక మాట చెప్పాలి" అంది. వాడి సంగతే. పరీక్ష పేపర్లు దిద్దుతూ వుండి, తల ఎత్తీ ఎత్తకుండా, "పట్టించుకోకమ్మా, చదువు మీద ధ్యాస పెట్టు" అన్నాను. "సరే సార్" అని వెళ్లిపోయింది. అది ఆవిడ ఉత్తరంలో లేదు. నేను మరచిపోయాననుకుందో, గుర్తుచెయ్యడం ఎందుకనుకుందో.

ఆ రాత్రి జవాబు రాశాను. దిద్దడం వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, పది వాక్యాల ఉత్తరానికి రెండు గంటలు పట్టింది. పంపిన నిమిషానికి తిరుగుటపాలో వచ్చేసింది. ఆ అడ్రసు లేదు. అన్నమాట ప్రకారం ఆవిడ అప్పటికే మూసేసింది.

మా ఆవిడకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. దీపం ఆర్పబోతూ, "మన పిల్ల అడ్రసు ఎన్ని రిజిస్టర్లలో వుందో" అంది.

తక్కిన 411 మందికీ క్షమాపణ రాశాను, ఈసారి బి.సి.సి. గడిలోనే. చిట్టా మొత్తం చెరిపేశాను. రిజిస్టరు తీసుకెళ్లి ప్రిన్సిపాలుగారి చేతికిచ్చి తాళంలో పెట్టించాను. వ్యాపారం కూడా మానేద్దామనుకున్నాను. రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు.

ఆ రెండు నెలల్లో ఊరుకోలేక ఈ ఉత్తరాల చరిత్ర కొంత చదివాను. తెలుగు మాస్టరుకు ఏ బాధ వచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడం అలవాటు. పేరుకూ యంత్రానికీ మధ్య ఆ సున్నలో చుట్టిన "ఎ" గుర్తు పెట్టి, ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు ఉత్తరం పంపినవాడు రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు, 1971లో. ఆ తరవాత ఏడేళ్లకే, 1978 మే 3వ తేదీన, గ్యారీ థ్యుర్క్ అనే ఆయన తమ కంపెనీ కంప్యూటర్లు అమ్ముకోవడానికి, అడగనివాళ్లకు దాదాపు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. అప్పటి యంత్రంలో పై గడి చాలక మిగిలిన అడ్రసులన్నీ ఉత్తరం లోపలికి దిగాయి. చదివినవాళ్లు మండిపడ్డారు. కంప్యూటర్లు మాత్రం బాగానే అమ్ముడుపోయాయని ఆయన చెప్పుకునేవాడు. ఆయన నాలుగువందలకూ నా నాలుగువందల పన్నెండుకూ ఎంత దగ్గర! నలభై నాలుగేళ్ల తరవాత అదే తప్పు, అదే లెక్కలో చేశాను. నాకు కంప్యూటర్లు కూడా అమ్ముడుపోలేదు.

మళ్లీ మొదలుపెట్టడానికి కారణం పెద్ద ఆదర్శమేమీ కాదు. మా అమ్మాయి ఇంజనీరింగు అంటోంది, హాస్టలు అంటోంది. మేనల్లుడికి ఫోను చేశాను. "ఈసారి వాళ్లంతట వాళ్లు అడిగితేనే రాసుకుందాం" అన్నాను.

"నేను మొదట చెప్పిందీ అదే మావయ్యా. నువ్వు వినిపించుకోలేదు" అన్నాడు. నిజంగానే చెప్పాడేమో. నేను వినిపించుకోనివి చాలా వున్నాయని అప్పటికి తేలింది గదా.

అడిగితేనే సరే. ఎవరు అడుగుతారు? ఎందుకు అడుగుతారు?

ఇక్కడ నాకు దారి చూపినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టి, తొలిరోజుల్లో దాన్ని సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టేవారట. తలనొప్పి తగ్గినవాడు మర్నాడు కొట్టుకు వెళ్లి అడిగి కొనుక్కుంటాడు. ఆ అమృతాంజనం డబ్బే 1908లో అదే బొంబాయిలో ఆంధ్రపత్రికకు ఊపిరి పోసింది. మరి నా దగ్గర ఏ తలనొప్పికి మందు వుంది?

ఉంది. శుభలేఖ. కలిగిన యింటి పెళ్లిగాని, లేని యింటి పెళ్లిగాని, శుభలేఖలో అచ్చుతప్పు పడిందంటే ఆ యింటివాళ్లకు అంతకు మించిన తలనొప్పి లేదు. అయిదువందల కార్డులు వచ్చాక పెదనాన్నగారు కళ్లజోడు సవరించుకుని "ఇదేమిట్రా, జేష్ట పుత్రుడు అని వేశారు?" అంటారు. "జ్యేష్ఠ" అని వుండాలి. "కనిష్ఠ"కూ అదే గతి. "సుముహూర్తం"లో దీర్ఘం పోతుంది, "ఆహ్వానం"లో దీర్ఘం పోతుంది. అన్నింటికంటె ప్రమాదం "మధ్యాహ్నం". వత్తు జారిపోయి "మద్యాహ్నం" అయిందో, పన్నెండు గంటల విందులో మద్యం వచ్చి చేరుతుంది. వియ్యాలవారు ఏమనుకోవాలి?

ఇటువంటివి నలభై ఏరి పదహారు పేజీల చిన్న పుస్తకం తయారుచేశాను. ఉచితం. కావలసినవారు తమ ఈమెయిలు అడ్రసు ఇస్తే చాలు, పుస్తకం వాళ్లకు వెళుతుంది. నెలకు రెండు ఉత్తరాలు కూడా వస్తాయని అక్కడే పెద్ద అక్షరాలతో రాయించాను. పుస్తకం ఒక్కటే చాలు, ఉత్తరాలు వద్దనే వీలు కూడా పెట్టించాను. మేనల్లుడు నొచ్చుకున్నాడు గాని పట్టుబట్టాను. తెనాలిలో శుభలేఖలు అచ్చువేసే మూడు ప్రెస్సుల్లో గోడమీద ఆ గళ్లగళ్ల క్యూఆర్ బొమ్మ అంటించాను. ఫోను ఎదురుగా పెడితే మా ఫారం తెరుచుకుంటుంది. అందులో అడ్రసు ఒక్కటే అడుగుతాం. పేరు అడగం. పేరు లేకుండా ప్రియమైన ఎవరికి రాస్తావు మావయ్యా అన్నాడు. "నమస్కారమండీ" అని మొదలుపెడితే చాలదుట్రా అన్నాను.

ఇంకో జాగ్రత్త వుంది. ఇది నాకు చాలా నచ్చింది. ఫారంలో అడ్రసు రాసినంత మాత్రాన చిట్టాలో చేరదు. ఆ అడ్రసుకు ముందు ఒక చిన్న ఉత్తరం వెళుతుంది: అడిగింది మీరేనా? అవునని నొక్కితేనే పేరు ఎక్కుతుంది. ఎవరో ఆకతాయి ఇంకొకరి అడ్రసు రాసినా, తమ అడ్రసే తప్పు రాసినా, అక్కడే ఆగిపోతుంది. పదిమంది రాస్తే ఇద్దరు ముగ్గురు నొక్కడం మరచిపోతారు, ఆ మేరకు చిట్టా తరుగుతుంది. తరగనీ.

మొదటి నెల 19 మంది. అందులో మా ఆవిడ, మా అమ్మాయి, మేనల్లుడు ముగ్గురు. కాబట్టి 16. మూడువేలమంది మెచ్చుకోలు రుచి చూసినవాడికి పదహారంటే ఏమిటో మీరే ఊహించుకోండి. ఆ పదహారుమందికీ వేయిమందికి రాసినట్టే రాశాను. ఒక మాట, దాని కథ, నాలుగు పేరాలు. "అర్థం" అంటే భావం, "అర్ధం" అంటే సగం, చుక్క పోతే అర్థం సగమే మిగులుతుంది అని మొదటి ఉత్తరం.

ఆరు నెలలు రాశాను. జవాబులు వచ్చేవి, పని రాలేదు. కారణం మేనల్లుడే పట్టుకున్నాడు. "మావయ్యా, నువ్వు డబ్బు తీసుకుని దిద్దుతావని వీళ్లెవరికీ తెలియదు. ఎక్కడా రాయలేదు."

రాయలేదు. చేతులాడలేదు. మా నాన్నగారు బడిపంతులు. ప్రైవేటు చెప్పించుకున్న పిల్లలు డబ్బు తెస్తే చేత్తో తీసుకునేవారు కాదు. "అక్కడ పెట్టవోయ్" అని కిటికీ వైపు చూపించేవారు. లెక్కపెట్టేది మా అమ్మ. ఆ కిటికీ నాకూ వారసత్వంగా వచ్చింది. చివరికి ఉత్తరం అడుగున రెండు పంక్తులు చేర్చాను: పుస్తకం పేజీకి 25 రూపాయలు, శుభలేఖకు 300. రాశాక ఆ పూటంతా ఎవరో చొక్కా విప్పేసినట్టు కూర్చున్నాను. మర్నాడు రెండు శుభలేఖలు వచ్చాయి. మూడోనాడు డాలస్ నుంచి ఒకావిడ రాసింది: ఇన్నాళ్లూ మిమ్మల్ని అడగవచ్చో లేదో తెలియక ఊరుకున్నాను, మా అత్తగారు నలభై ఏళ్లుగా రాసుకున్న వంటల నోటుపుస్తకం అచ్చువేయించాలి, దిద్దిపెడతారా అని. దిద్దాను. ఆ అత్తగారి తెలుగులో దిద్దవలసింది చాలా తక్కువ. ఆవిడ రాసిన "పోపు కమ్మగా నవ్వాలి" అన్న వాక్యం నేను ముట్టుకోలేదు.

ఇవాళ చిట్టాలో 638 మంది. పెరిగిన తీరు చెప్పమంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెళ్లిళ్ల రోజుల్లో పెరుగుతుంది, మూఢంలో ఆగుతుంది. చదివినవాళ్లు వాళ్ల వదినకో తమ్ముడికో పంపుతారు, అట్లా ఇద్దరు చేరతారు. కిందటేడు ఈ చిట్టా నుంచే 37 పనులు వచ్చాయి. అమ్మాయి హాస్టలు ఖర్చు వెళ్లిపోయింది.

పోయేవాళ్లు కూడా వుంటారు. ప్రతి ఉత్తరం అడుగునా "ఇక వద్దు" అని నొక్కే మీట వుంటుంది. మొట్టమొదట నొక్కినవాడు మా కెమిస్ట్రీ లెక్చరరు. స్టాఫు రూములో నా పక్క కుర్చీయే. మర్నాడు ఎప్పటిలాగే టీ తాగుతూ క్రికెట్టు గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరమూ ఆ ప్రసక్తి తేలేదు. రెండు రోజులు మనసు చివుక్కుమంది, అంతే. వెళ్లదలుచుకున్నవాడు తలుపెక్కడుందో వెతుక్కునే పని లేకుండా వెళ్లగలగాలి. ఇప్పుడు ఇది నా ఒక్కడి చాదస్తం కూడా కాదు. పెద్ద ఎత్తున ఉత్తరాలు పంపే వ్యాపారులకు జీమెయిలువారూ యాహూవారూ 2024 నుంచి ఆ ఒక్క నొక్కుడు మీట తప్పనిసరి చేశారు. వెయ్యిమందిలో ముగ్గురు ఇది చెత్త అని ఫిర్యాదు చేస్తే చాలు, జీమెయిల్లో ఆ పంపినవాడి పరువు దెబ్బతింటుంది. 2023 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా, ఒకరి వివరాలు దేనికోసమో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలనీ, ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా వుండాలనీ అంటుంది. "ఫోటోలు పంపుటకు" అని రాసి వ్యాపారానికి వాడుకోవడం గురించి ఆ చట్టం ఏమంటుందో నాకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఒక్క విషయంలో మేనల్లుడికీ నాకూ ఇప్పటికీ కుదరలేదు. ఉత్తరంలో కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఒకటి పెడతారు. చదివేవాడు ఉత్తరం తెరవగానే ఆ బొమ్మ మన యంత్రానికి చాటుగా కబురు చేస్తుంది: ఫలానావారు ఫలానా గంటకు తెరిచారు అని. మొదట్లో అది నాకూ వేడుకగానే వుండేది. చిట్టాలో ఒక రిటైర్డు పోస్టుమాస్టరుగారు వున్నారు, తన ఉద్యోగపు జ్ఞాపకాలు రాస్తున్నారు. ఆయన ఒకనాటి ఉత్తరాన్ని రాత్రి రెండు గంటల పది నిమిషాలకు తెరిచారు. మళ్లీ రెండున్నరకు. మళ్లీ మూడింటికి. పెద్దాయనకు నిద్ర పట్టడం లేదని నాకు తెలిసిపోయింది. ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఉత్తరాలు బట్వాడా చేస్తూ జీవితమంతా గడిపిన మనిషి, ఒక్క కవరు విప్పి చూసి వుండరు. ఆ బొమ్మ తీయించేశాను. ఆపిలువారు 2021 నుంచి తమ ఫోన్లలో ఆ చుక్క చెప్పేది నమ్మడానికి వీల్లేకుండా చేశారు గనక పోయింది ఏమీ లేదన్నాను. "ఎవరు చదువుతున్నారో తెలియకుండా వ్యాపారం ఏమిటి మావయ్యా" అని వాడు ఇంకా సణుగుతూనే వుంటాడు.

పోస్టుమాస్టరుగారి పుస్తకం 280 పేజీలు దాటింది. ఫోనులో మాట్లాడినప్పుడు నిద్ర సంగతి ఎత్తను. ఆయన మాత్రం, మీ ఉత్తరం శనివారం ఆరింటికి రావలసింది ఏడింటికి వచ్చిందేమండీ అని అడుగుతారు.

రెండో శనివారమూ నాలుగో శనివారమూ సాయంత్రం మా యింట్లో ఒక చిన్న తతంగం వుంటుంది. ఉత్తరం నేను రాస్తాను, మా ఆవిడ చదివి ఎక్కడ నిద్ర వచ్చిందో చెబుతుంది, ఆ పేరా కొట్టేస్తాను. హాస్టలు నుంచి వచ్చినప్పుడు పంపేది అమ్మాయి. మీట మీద వేలు పెట్టి నా వైపు చూస్తుంది.

"బి.సి.సి.లోనే వున్నాయా?" అంటాను.

"ఇందులో ఆ గడే లేదు నాన్నా. ఒక్కొక్కరికీ విడివిడిగా పోతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే, ఒకసారి చూడు."

చూస్తుంది.